అప్పలసూరి చేతులు

గజపతినగరం దగ్గర పల్లెలో, గొర్రెలు కాసుకునే ఇంట పుట్టాడు అప్పలసూరి. నడక కంటే ముందు తప్పెట వచ్చిందని ఊళ్లో అంటారు. అది కొంచెం ఎక్కువే. పదేళ్లకే మేనమామ సోములు అతని రొమ్మున రేకు తప్పెట కట్టి, కాళ్లకు గజ్జెలు వేసి తప్పెటగుళ్ళ జట్టులో నిలబెట్టిన మాట మాత్రం నిజం.

ఇరవయ్యో ఏట వాల్తేరు వెళ్లి ఆంగ్లో ఇండియన్ రైల్వే దొరల క్లబ్బులో బల్లలు తుడిచే పనికి కుదిరాడు. అక్కడ జాజ్ వాయించేవారు. ఒకనాడు డ్రమ్ముల మనిషి జ్వరమని రాకపోతే, అప్పలసూరి గుడ్డ పక్కన పడేసి ఆ పీట మీద కూర్చున్నాడు. పదిహేనేళ్లు లేవలేదు. రెండు చేతులకు రెండు పనులు, రెండు కాళ్లకు మరో రెండు. దొరసానుల డాన్సుకు ఒక రకం, పెళ్లి ఊరేగింపుకు ఇంకో రకం, నాటకాలకు డోలక్కు. ఏ తోలు చేతికిచ్చినా పలికించేవాడు. "రెండు దెబ్బల మధ్య ఖాళీ ఉందే, అక్కడే నీ పనితనం" అని బ్యాండు మాస్టరు నేర్పాడు. అదే కొంప ముంచింది.

దొరల కుటుంబాలు ఒక్కొక్కటే ఆస్ట్రేలియా ఓడెక్కాయి. పంతొమ్మిదివందల అరవై ఏడులో క్లబ్బు హాలుకు తాళం పడింది. అప్పలసూరి ఊరు చేరాడు. అతనికి ఇక మిగిలింది సోములు జట్టులో ఒక్క చోటే.

మరుసటి ఏడు వానల్లేవు. వాన కోసం తప్పెటగుళ్ళు ఆడారు. పద్దెనిమిది మందిదీ ఒకటే దెబ్బ, ఒకటే అడుగు. భుజాల మీద భుజాలెక్కి అంతస్తు కట్టారు. అన్నిటికంటే పైన సోములు కొడుకు గంగులు. సరిగ్గా అప్పుడు అప్పలసూరి వేళ్లు రెండు దెబ్బల మధ్య ఆ ఖాళీలో ఇంకో దెబ్బ వేశాయి. కింద సగం మంది అడుగేశారు, సగం మంది ఆగారు. గంగులు పడ్డాడు. తుంటి విరిగింది. వాన రాలేదు. మర్నాడే అప్పలసూరిని జట్టులోంచి తప్పించారు. తిట్టినా బాగుండేది.

గొర్రెల దొడ్డి వెనక వారం రోజులు సాధన చేశాడు. అన్నీ నేర్చిన చేతులకు ఖాళీలో పడే ఆ ఒక్క దెబ్బ మరవడం చేతకాలేదు.

"మావా, ఒక్కసారి సూడు. సక్కగా కొడతాను."

సోములు తలెత్తలేదు. "నీ సెయ్యి మన సెయ్యి కాదురా అల్లుడా. నన్నేటి సెయ్యమంటావు?"

మళ్లీ గుళ్ళు ఆడిన రోజు అప్పలసూరి ఆడవాళ్ల పక్కన నిలబడ్డాడు. తప్పెటలు మోగగానే అతని చేతులు వాటంతటవే వట్టి రొమ్ము మీదికి లేచాయి. పెళ్లాం గున్నమ్మ గబుక్కున రెండు చేతులూ పట్టుకుని తన చంకలో ఇరికించుకుంది.

"ఊరుకో. అందరూ సూస్తన్నారు. ఈసారీ వాన రాపోతే మనమీదే పెడతారు."

ఆట అయ్యేదాకా ఆమె వదల్లేదు. ఆట అయిపోయింది, ఆకాశం ఉన్నట్టే ఉంది. అప్పుడు వదిలింది. వదిలాక ఆ చేతులకు చేయడానికి ఏమీ లేదు.