పెనాంగులో ఆరు రోజుల బిడ్డ

1986లో వానల నెలల్లో నేను పెనాంగులో ఉన్నాను. మలేసియా దేశంలో, చుట్టూ సముద్రం ఉన్న పట్నం అది. నరసరావుపేటలో ఒక ప్రసూతి ఆస్పత్రిలో పద్నాలుగేళ్ళు ఆయాగా చేశాను. మూడో తరగతి దాటి చదవలేదు. నాలాంటిది విమానమెక్కి అంత దూరం పోయిందంటే బాలింతను చూసుకోవడానికే.

మా వీధిలో ఉండే టీచరమ్మగారి కూతురు సుజాతకు తొలి కాన్పు. అల్లుడు ప్రభాకర్ మాచర్ల అబ్బాయి, పెనాంగులో ఫ్యాక్టరీలో ఇంజనీరు. టీచరమ్మగారు బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచానికి అంటుకుపోయింది. "రూతమ్మా, నా బదులు నువ్వు పో. నీ చేతుల మీద ఎంతమంది పెరగలా," అని నా చెయ్యి పట్టుకుంది. కాదనలేకపోయాను. ఒక ట్రంకు పెట్టె నిండా మెత్తటి పాత చీరలు, పంచలు చించి, మడతలు పెట్టి సర్దించింది. మా వైపు పుట్టిన బిడ్డకు కొత్తబట్ట తొడగరు. ఇరవై ఒకటో రోజు దాకా పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన పాతగుడ్డే. అందుకని ఆ పెట్టె.

నెలలు నిండటానికి రెండు నెలల ముందే పోయాను. మొదటి వారం ఇంట్లోంచి కాలు బయట పెట్టలేదు. కింద షాపులు, పైన ఇళ్ళు ఉండే పాత వీధి అది. కిటికీలోంచి చూస్తే వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు, సైకిళ్ళు, ఎండుచేపల వాసన, అర్థంకాని అరుపులు. పక్కింట్లో ఒక చైనా ఆవిడ ఉండేది, అరవై దాటినా గట్టి మనిషి. అందరూ ఆమెను ఆ-సో అని పిలిచేవాళ్ళు. వాళ్ళ మాటలో వదిన అని అర్థమంట. ఒకరోజు పొద్దున్నే వచ్చి, నా చేతికి బుట్ట ఇచ్చి, రెక్క పట్టుకుని మెట్లు దించింది.

ఆ పొద్దుటి నుంచి రోజూ బజారుకే. రేకుల కింద పెద్ద మార్కెట్టు, నేలంతా తడి, కాళ్ళకింద చేపపొలుసులు. కాఫీ కొట్టులో కప్పు సాసర్లోకి వంచుకుని ఊదుకుంటూ తాగేవాళ్ళం, అచ్చం మా రొంపిచెర్లలో మా నాన్న తాగినట్టే. గుడ్లు కొంటూ లెక్క నేర్చుకున్నాను. ఆరు గుడ్లు కావాలంటే ఆనమ్. పసుపుపచ్చ అరటిపళ్ళు చూపించి కూనింగ్ అనేవాళ్ళు. హారీ అంటే రోజు. చేపలమ్మే సాయిబు నన్ను చూడగానే "కాక్, కాక్" అనేవాడు, అంటే అక్కా అని. నెలన్నరకి ఏ సందులో దూరితే ఎక్కడ తేలతామో నాకు తెలిసిపోయింది. మా గోంగూర పచ్చడి పెడితే ఆ-సో కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం వెయ్యమని చెయ్యి చాపింది.

నన్ను ఆమె ఎందుకు పట్టుకుందో తర్వాత తెలిసింది. ఆమెదీ నా పనే. చైనా వాళ్ళ ఇళ్ళలో నెల రోజులుండి బాలింతనీ బిడ్డనీ చూస్తుంది.

సుజాతకు మగబిడ్డ పుట్టాడు. మూడు కిలోలు, గుండ్రటి మొహం. చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో కాన్పు. మూడో రోజు ఇంటికి తెచ్చాం. అప్పటినుంచి పట్టిన వాన విడవలేదు. ఉతికిన గుడ్డ ఆరేది కాదు. గబ్బు వాసన. మా నరసరావుపేట ఎండకయితే గంటలో ఫెళఫెళలాడేవి. ఇక చేసేది లేక ట్రంకు పెట్టె తెరిచి, పాతచీర ముక్కలు తీసినవి తీసినట్టే వాడాను. పురుగు పట్టకుండా టీచరమ్మగారు అందులో కలరా ఉండలు వేసింది. బట్టల పెట్టెల్లో వేసే తెల్లటి గోళీలు, నాఫ్తలీన్. గుడ్డని రెండుసార్లు దులిపి, ఫ్యాను కింద కాసేపు వేసి, సరేలే అనుకున్నాను. బిడ్డకు ఒళ్ళంతా నూనె పట్టించి నలుగు పెట్టి, స్నానం చేయించి, మళ్ళీ కొంచెం నూనె రాసి, ఆ గుడ్డలో బిగించి చుట్టేదాన్ని. నా చేతి చుట్టు గురించి మా ఆస్పత్రిలో చెప్పుకునేవాళ్ళు.

ఐదో రోజున బిడ్డ మొహం పచ్చబడింది.

"అత్తా, వీడి కళ్ళు పచ్చగా ఉన్నయి," అంది సుజాత.

"పసిరికలమ్మా. పుట్టిన బిడ్డలకు సగంమందికి వస్తయి. రెండు రోజుల్లో పోతయి," అన్నాను.

మొహంలో పచ్చదనం ఉంటే కంగారు లేదు, పొట్ట దాకా దిగితే కనిపెట్టి ఉండాలి, పాదాలకు దిగితే పరుగెత్తాలని మా డాక్టరమ్మ చెబుతుండేది. పసిరికల్ని డాక్టర్లు జాండిస్ అంటారు. సాయంత్రం దాకా మొహంలోనే ఉంది. నేను ధీమాగానే ఉన్నాను.

ఆరో రోజు పొద్దున వాడు పాలు పట్టలేదు. సుజాత రొమ్ము నోటికి పెడితే రెండు గుటకలేసి వదిలేశాడు. తడిపిన గుడ్డ తీస్తే టీ డికాషను ఒలికినట్టు ముదురు మరక. ప్రభాకర్ అప్పటికే డ్యూటీకి పోయాడు. వాన కాస్త తెరిపిచ్చింది, సరిగ్గా ఆ రోజే ఆ వీధిలో వాళ్ళ దేవుళ్ళ ఊరేగింపు. పది గంటలకల్లా మా కిటికీ కిందికి డప్పులొచ్చాయి. మామూలు డప్పులు కావు, పీపాలంత. చెక్కనేల అదిరింది. అలమారులో గ్లాసులు గలగలలాడాయి.

బిడ్డ ఉలిక్కిపడలేదు.

ఆరు రోజుల బిడ్డ పళ్ళెం కింద పడితేనే రెండు చేతులూ విప్పి ఉలిక్కిపడాలి. వాడి చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టాను. కదల్లేదు. సుజాత నా మొహం చూసింది.

"ఏంది అత్తా? ఏమయింది?"

నేను జవాబు చెప్పే లోపల ఆ-సో వచ్చింది, ఊరేగింపు చూద్దురు రమ్మని పిలవడానికి. బిడ్డను చూసి ఆగిపోయింది. బొటనవేలుతో వాడి నుదురు నొక్కి వదిలింది. తర్వాత రొమ్ము. తర్వాత పిక్క. చివరికి పాదం. నొక్కిన చోటల్లా పసుపు రాసినట్టు పచ్చగా తేలింది.

"కూనింగ్," అంది నా కళ్ళలోకి చూస్తూ. ఆ తర్వాత ఆసుపత్రి అనే మాట ఒకటి, త్వరగా అనే మాట ఒకటి, చేత్తో తోస్తూ.

మెట్లు దిగగానే కాఫీ కొట్టువాడు ప్రభాకర్ ఫ్యాక్టరీకి ఫోను చేస్తానన్నాడు. టాక్సీ ఆ వీధిలోకి రాలేదు. వెనక సందులో ఒక సైకిల్ రిక్షా దొరికింది. అక్కడి రిక్షాలో మనం ముందు కూర్చుంటాం, తొక్కేవాడు వెనక ఉంటాడు. ఎదురొచ్చే బస్సులూ స్కూటర్లూ నేరుగా మన మీదికే వస్తున్నట్టుంటుంది. సుజాత పక్కన కూర్చుంది, ఆరు రోజుల బాలింత. నా ఒళ్ళో బిడ్డ. ఆ-సో ముందు నడుస్తూ జనాన్ని కసురుతూ దారి చేస్తోంది.

నాలుగు మలుపులు తిరిగాక ఆగిపోయాం. ఊరేగింపు మొత్తం పెద్దరోడ్డు మీదికి మళ్ళింది. ముందూ వెనకా జనమే. అగరుబత్తుల పొగ. అప్పుడే బిడ్డ వీపు వెనక్కి విల్లులా వంచి, సన్నగా, పిల్లికూన అరిచినట్టు ఒక ఏడుపు ఏడ్చాడు. ఆ ఏడుపు నేను పద్నాలుగేళ్ళలో రెండుసార్లు విన్నాను. ఆ రెండుసార్లూ తల్లులు ఒట్టి చేతులతో ఇంటికి పోయారు. ఆ మాట సుజాతకు చెప్పలేదు.

"అమ్మాయ్, నువ్వు ఆ-సోతో రా. నేను పరుగెత్తుతా."

"ఎటు పోతావత్తా? నీకు దారేం తెలుసు? నా బిడ్డని ఇటివ్వు!"

"చేపల మార్కెట్టు వెనకనించి పోతే పెద్దాస్పత్రి గేటు. రోజూ నడిచే దారే. నువ్వు పరిగెత్తలేవు తల్లీ."

సుజాత బిడ్డ మీద చెయ్యి తియ్యలేదు. ఆ-సో ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. నేను దూకాను.

చెప్పులు ఆ తడిలో నిలవవని విడిచేశాను. మార్కెట్టులోకి దూరగానే చేపల సాయిబు నన్ను చూశాడు. నా మొహం చూశాడో, చేతిలో మూట చూశాడో, "కాక్!" అని అరిచి మంచుగడ్డల బుట్టలు కాలితో పక్కకి తోశాడు. అతని అరుపుకి ముందున్నవాళ్ళు తిరిగారు. గుడ్లమ్మే ఆవిడ బల్ల వెనక్కి లాక్కుంది. రెండు నెలలుగా నేను బేరాలాడి, గొడవపడి, నవ్వించిన వాళ్ళు ఇద్దరిద్దరుగా పక్కకి ఒరిగి, మధ్యలో నాకొక బాట వదిలారు. చేపపొలుసుల మీద జారాను. మోకాలు చీరుకుపోయింది. బిడ్డను మటుకు నేలకు తగలనివ్వలేదు.

ఆస్పత్రిలో ఎదురొచ్చిన నర్సుకి బిడ్డను చాపి, నాకు తెలిసిన మూడు మాటలూ చెప్పాను. "కూనింగ్. ఆనమ్ హారీ." పచ్చ. ఆరు రోజులు. ఆ అమ్మాయి బిడ్డను అందుకుని లోపలికి పరుగెత్తింది.

లోపల బల్ల మీద చుట్టు విప్పింది. విప్పుతూనే ముక్కు ముడిచి, గుడ్డ ఎత్తి డాక్టరు ముక్కు దగ్గర పెట్టింది. డాక్టరు తల ఎత్తి నన్ను చూశాడు. నర్సు అరవమ్మాయి. అరవం నాకు సగం సగం తెలుసు. ఈ గుడ్డ ఎవరిది, ఎన్ని రోజులనించి కడుతున్నారు, ఒంటికి నూనె రాశారా అని అడిగింది.

ఆ గదిలో నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేరు. కాన్పు చేసిన ఆస్పత్రివాళ్ళే ఇచ్చారంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అయితే ఇంట్లో ఆ పెట్టె నిండా ఇంకా అవే గుడ్డలున్నాయి.

"మా పెట్టెలోవే," అన్నాను. "కలరా ఉండలేసిన పెట్టె. ఉతకలేదు. మూడు రోజులనించీ నేనే కడుతున్నా. నూనె కూడా నేనే రాశా."

డాక్టరు చెప్పింది నర్సు నాకు అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పింది. కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే రక్తంలో ఒక లోపం ఉంటుంది, జి సిక్స్ పి డి అంటారు. అలాంటి బిడ్డకు నాఫ్తలీను తగిలితే రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయి. అప్పుడు ఒళ్ళు పచ్చబడి, ఆ పచ్చదనమే విషమై మెదడుకి ఎక్కుతుంది. నూనె రాసిన చర్మం దాన్ని ఇంకా పీల్చుకుంటుంది. ఇక ఉన్న దారి ఎక్స్‌చేంజ్ ట్రాన్స్‌ఫ్యూజన్. అంటే బొడ్డులోంచి బిడ్డ రక్తం కొంచెం కొంచెం తీస్తూ, వేరే రక్తం ఎక్కించడం.

సుజాత వచ్చేసరికి తలుపు వేసేశారు. ప్రభాకర్ కూడా ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చాడు. ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను.

"పెట్టెలో ఆ ఉండలు ఎవరేశారు?" అన్నాడు ప్రభాకర్.

"వేసింది మీ అత్తగారు బాబూ. ఆవిడకేం తెలుసు? ఉతక్కుండా కట్టింది నేను."

అతను గోడవైపు తిరిగాడు. సుజాత నన్ను తిట్టినా బాగుండేది. బెంచీ మీద నాకు దూరంగా జరిగి కూర్చుంది. ఆ-సో మా ఇద్దరి మధ్య ఖాళీలో వచ్చి కూర్చుని, ఒక చేత్తో ఆమె చెయ్యి, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

రక్తం మార్చాక వాడిని నీలం దీపాల కింద పడుకోబెట్టారు. కళ్ళకు గంతలు. ఆ వెలుగుకి ఒంట్లో పచ్చదనం కరుగుతుందంట. ప్రాణానికి ఫరవాలేదు, వినికిడీ మెదడూ సంగతి ఇప్పుడే చెప్పలేం అన్నారు. మరునాడంతా సుజాత నాతో మాట్లాడలేదు. నేను వరండాలో కూర్చుని, ప్రార్థన చేద్దామంటే మాటలు రాక, మార్కెట్టులో నేర్చుకున్న అంకెలే లెక్కపెట్టుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం వార్డులో ఎవరో కత్తెర్ల ట్రే జారవిడిచారు. సిమెంటు నేల మీద ఖంగుమని మోగింది. దీపాల కింద మా వాడు రెండు చేతులూ విప్పి, వేళ్ళన్నీ చాపి ఉలిక్కిపడి, గుక్కపెట్టి ఏడ్చాడు.

"అత్తా!" అని అరిచింది సుజాత. రెండు రోజుల తర్వాత నన్ను పిలవడం అదే. "విన్నాడు అత్తా! ఏడుస్తున్నాడు చూడు!"

వాడిని చుట్టి ఇంటికి తీసుకుపోవడానికి గుడ్డ లేదు. మా పెట్టె మొత్తం ప్రభాకర్ బయటికి విసిరేశాడు. ఆ-సో తన పాత లుంగీ, పూలు వెలిసిపోయింది, చించి, ఉడకబెట్టి, బొగ్గుల కుంపటి మీద ఆరబెట్టి తెచ్చింది. చేతికిస్తే ఇంకా వెచ్చగా ఉంది. వాళ్ళలోనూ తొలిబట్ట పాతబట్టేనంట. అది చెప్పి నవ్వింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నన్నూ చూడమంది. చూశాను. నలుగురి ముందు, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

నరసరావుపేటకి తిరిగొచ్చాక ఇంకా చానా ఏళ్ళు చేశాను. బిడ్డ పుట్టిందనగానే వాళ్ళు తెచ్చిన గుడ్డలు ముందు నా ముక్కు దగ్గరికి రావాలి. "ఏందే రూతమ్మా, గుడ్డల్ని ముద్దుపెట్టుకుంటున్నావా?" అని నర్సమ్మలు ఎగతాళి చేసేవాళ్ళు. చేసుకోనీ. నాకు తెలిసిన పని అని చెయ్యి దానంతటది పోతుంది చూశారా, అక్కడే ఒకసారి ఆగి చూడాలని పెనాంగులో నేర్చుకున్నాను. తెలియని పనిలో ఎట్లాగూ జాగ్రత్తగానే ఉంటాం.

వాడిని చుట్టిన ఆ-సో లుంగీ ముక్క నేను వచ్చేటప్పుడు సుజాతను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పక్కన ఒక్క ఉండ కూడా వెయ్యలేదు. రెండు చోట్ల పురుగు కొట్టింది. కొట్టనీ.