పామర్రు బస్సులో నేనోడిన కుస్తీ

పామర్రులో బెజవాడ బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయనకు మెడ లేదు. బ్రహ్మ తలను తిన్నగా భుజాల మీదే దించేశాడు. చెవులు నలిగిన గారెల్లా ఉన్నాయి. ఆయన కూర్చోగానే బస్సు మావైపు ఒరిగింది.

“చిన్నప్పట్నుంచీ కుస్తీయేనండీ. ముసుగేసుకుని రెజ్లింగ్ షోలూ చేశా. సాయంత్రం బెజవాడలో కేజ్ ఫైటండీ, ఇనపబోనులో పెట్టి కొట్టుకోమంటారు. అవతలివాడు మా అబ్బాయి ఈడోడు. నా చేతిలో పట్టు పోయిందంటున్నారంతా. ఓడితే ఇంక ఇంట్లో కూర్చోడమే.”

ఉయ్యూరు దాటేసరికి గురకపెట్టాడు. బస్సు గోతిలో పడింది. నిద్రలోనే ఆయన చెయ్యి కొండచిలువలా నా మెడ చుట్టేసింది. పద్నాలుగు లోకాలూ కనబడి, ఆ చేతిమీద టపటపా కొట్టాను. వాళ్ళ ఆటలో అలా కొడితే ‘ఓడాను, వదులు’ అని అర్థమట. ఆయన తక్షణం వదిలేసి, కళ్ళు మూసుకునే లేచి, రెండు చేతులూ పైకెత్తాడు.

“ఏంటండీ గొడవ?” అన్నాడు కండక్టరు.

“ఏం లేదండీ, ఈయన గెలిచారు,” అన్నాను దగ్గుతూ.

బస్సంతా చప్పట్లు. ఆయన కళ్ళు తెరిచి, కందిన నా గొంతు చూశాడు.

“పట్టుందంటారాండీ?”

“ఉంది మహాప్రభో! నాకింకా ఊపిరే అందలేదు.”

మర్నాడు పేపర్లో ఆయన ఫొటో, చేతులు అలాగే పైకి. ఆ రోజు ఆయన ఇద్దర్ని ఓడించాడని మాత్రం రాయలేదు.