గడియారం మీద ఎర్ర నిమిషాలు

పోయిన వారం భిలాయి పక్కనున్న ఉతై నుంచి ఒకావిడ వచ్చి, పాత తువ్వాలులో చుట్టిన గోడగడియారం ఒకటి నా చేతికిచ్చి వెళ్ళింది. ఆవిడ నా చిన్ననాటి స్నేహితుడి చెల్లెలు. వాళ్ళమ్మ, అంటే ఊహ తెలిసినప్పటి నుంచీ నేను పిన్ని అని పిలిచిన మనిషి, నెల కిందట కాలం చేసింది. పోయే ముందు ఈ గడియారం నాకే చేర్చమని మరీమరీ చెప్పిందట. నెహ్రూ నగర్‌లో మా ఇంటి బల్ల మీద అది ఇప్పుడు నా ఎదుటే ఉంది, కొత్త బ్యాటరీ వేస్తే బుద్ధిగా నడుస్తోంది కూడా. మూడు అంకె దగ్గర మొదలుపెట్టి మూడు నిమిషాల మేర, తొమ్మిది అంకె దగ్గర మొదలుపెట్టి మరో మూడు నిమిషాల మేర, ఎర్రటి గోళ్ళరంగు పూసి ఉంది. ఆ రంగు వేసిన చేతిని నేనెరుగుదును. ఆ చేతి గురించే ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

నా ఈడు వాళ్ళకి టెలిగ్రాం ఆఫీసులో మీట టకటకలాడిన చప్పుడు గుర్తుండే ఉంటుంది. మీట తట్టి వదిలితే చుక్క, నొక్కి పట్టుకుంటే గీత. ఆ చుక్కలూ గీతలూ కలిస్తే అక్షరాలు. తంతి ఆఫీసుల్లో ఆ విద్య మూలపడిపోతున్న రోజుల్లో కూడా ఓడల మీద దాని దర్జా దానికుండేది. సముద్రం ఆనవాలు కూడా లేని భిలాయిలో, సెక్టర్ 7 క్వార్టర్లలో, పక్కపక్క గోడల మధ్య పుట్టిన నేనూ ఆ స్నేహితుడూ ఓడల్లో రేడియో ఆఫీసర్లం ఎలా అయ్యామని అడిగితే, ఉక్కు ప్లాంటులో అప్రెంటిసుగా తీసుకోలేదు గనక అని చెప్పడమే నిజాయితీ. మా నాన్న కోక్ ఓవెన్స్‌లో, వాళ్ళ నాన్న రైలుపట్టాల మిల్లులో పనిచేసేవారు. ఇద్దరూ శ్రీకాకుళం నుంచి ఒకే రైల్లో వచ్చినవాళ్ళు. కొడుకులు నిప్పు దగ్గర కాక నీళ్ళ మీద బతుకుతారంటే వాళ్ళు లోలోపల మురిసిపోయారనే అనుకుంటాను.

ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా పవిత్రమైనది నిశ్శబ్ద సమయం. ఆపదలో ఉన్న ఓడ పిలవడానికి సముద్రం మీద అందరికీ కలిపి ఒకే తరంగం ఉండేది. ప్రతి గంటకీ రెండుసార్లు, పదిహేనో నిమిషం నుంచి మూడు నిమిషాలు, నలభై అయిదో నిమిషం నుంచి మూడు నిమిషాలు, ఆ తరంగం మీద ఏ ఓడా ఏ రేవూ మీట ముట్టుకోకూడదు. అందరూ నోరు మూసుకుని వినాలి, నీరసించిన పిలుపు ఏదైనా ఉంటే రద్దీలో కొట్టుకుపోకుండా చెవిన పడాలని. రేడియో గదిలో గడియారం మీద ఆ నిమిషాలకి ఎర్రరంగు వేసి ఉండేది. మూడు నిమిషాలూ అయ్యాక, విన్నదేమిటో విననిదేమిటో లాగ్ పుస్తకంలో సిరాతో రాసి సంతకం పెట్టాలి. రాసింది దిద్దడానికి లేదు.

మొదటి సెలవులో ఇంటికొచ్చినప్పుడు వాడు చెల్లెలి గోళ్ళరంగు సీసా కాజేసి, వాళ్ళింటి గోడగడియారం మీద ఆ ఎర్ర ముక్కలు పూశాడు. ఆ పిల్ల రెండు రోజులు అన్నతో మాట్లాడలేదు. ముల్లు ఎరుపులోకి రాగానే వాడు ఇల్లంతా నోరు మూసుకోవాలని శాసించేవాడు, వాళ్ళ నాన్న, మా బాబాయి, మాత్రం కావాలనే అప్పుడే దగ్గేవారు. అదంతా ఏమిటని పిన్ని అడిగితే, ఎక్కడో ఎవడో పిలుస్తూ ఉండవచ్చు కదమ్మా అని చెప్పాడు. ఆవిడ ఆ మాట తేలిగ్గా తీసుకోలేదు. వాడు మళ్ళీ ఓడెక్కిన తర్వాత కూడా, ఆ మూడు నిమిషాలూ కుళాయి కట్టేసి, గరిటె కింద పెట్టి కూర్చునేది. కొన్నాళ్ళకి కూరగాయల భయ్యా కూడా, మాతాజీ కా టైమ్ హై అంటూ గేటు దగ్గర కేక ఆపేసి బీడీ వెలిగించుకునేవాడు.

ఇక మా పాపం సంగతి. మా ఇద్దరివీ వేరువేరు ఓడలైనా రెండూ తూర్పుతీరం బొగ్గు ఓడలే కావడంతో, నెలకి ఒకటి రెండుసార్లు ఒకరి చప్పుడు ఒకరికి అందేంత దూరంలోకి వచ్చేవాళ్ళం. రాతలో దస్తూరి ఉన్నట్టే మీట మీద కూడా ఒక్కొక్కరికి ఒక దస్తూరి ఉంటుంది. వాడి దస్తూరి నాకు మా అమ్మ గొంతంత తెలుసు. సొంత కబుర్లకి ఆ తరంగం వాడితే లైసెన్సు ఊడుతుంది. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నాం: నిశ్శబ్ద సమయం ముగియగానే మూడు పొడవాటి గీతలు, నేనిక్కడే ఉన్నానురా అన్నట్టు. ఆపదలో ఉన్న ఓడ ముందుగా పంపేవి కూడా అలాంటి పొడవాటి గీతలే, వరుసగా పన్నెండు. అందులో నాలుగు పడితే చాలు, ఆపరేటరు గదిలో లేకపోయినా, చుట్టుపక్కల ఓడల్లో యంత్రం వాటిని లెక్కపెట్టి గంట మోగించేది. మూడైతే ఎవరికీ పట్టదు. ఆ లెక్క చూసుకునే మేం మూడు ఎంచుకున్నాం, పైగా మా తెలివికి మేమే మురిసిపోయాం.

తొంభైల నడుమ ఒక తుపాను వెళ్ళిన మర్నాడు. మధ్యాహ్నం మూడుంపావు నిశ్శబ్దం, సముద్రం ఇంకా కుదుటపడలేదు. మూడో నిమిషం సగం దాటి ఉంటుంది, చెవికి ఆనీ ఆనకుండా మూడు గీతలు వినబడ్డాయి. మూడో గీతని కొద్దిగా సాగదీసి వదిలిన ఆ చెయ్యి వాడిదే. నాకు నవ్వొచ్చింది. వాడి గడియారం ఎప్పుడూ అర నిమిషం ముందే, ఇవాళ నిశ్శబ్దంలోనే దొరికిపోయావు కదరా అనుకున్నాను. జవాబు పంపలేదు, ఎందుకంటే నా గడియారం ప్రకారం ఇంకా ఎరుపులోనే ఉన్నాం. లాగ్‌లో రాస్తే వాడి లైసెన్సు పోతుంది కనుక, నిశ్శబ్దం పాటించాను, ఏమీ వినబడలేదు అని రాసి, సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్ళాను. వాణ్ణి కాపాడుతున్నాననే అనుకున్నాను.

నాలుగో గీత పంపడానికి వాడికి కరెంటు మిగల్లేదని ఇప్పుడు అనుకుంటాను. బ్యాటరీలు ఉన్న గదిలోకి నీళ్ళొచ్చాయో, మరేమైందో, చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. రెండు రోజుల తర్వాత ఆ ఓడ కనబడడం లేదన్న కబురు అన్ని రేవుల నుంచీ వచ్చింది, ఆ కబురు రాసుకున్నది కూడా నా చెయ్యే. మా ఓడలో చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పే యంత్రం ఉంది. ఆ క్షణాన లేచి దాని పిడి తిప్పి ఉంటే దిక్కు తెలిసేది. తర్వాత ఒకరోజు పటం మీద దూరం కొలిచి చూసుకున్నాను. ఆ అంకె ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను.

సెలవు పెట్టి భిలాయి వచ్చాను. పిన్ని ఏడవడం లేదు. అదే నన్ను భయపెట్టింది. గడియారం కింద పీట వేసుకుని కూర్చుని, నన్ను చూడగానే ఒకే ఒక్క మాట అడిగింది.

"మా వోడు పిలిసే ఉంటాడు బాబూ. ఆడి పనే అది గదా. ఎవులైనా ఇన్నారేటి?"

ఎవరూ వినలేదు పిన్నీ అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా నోటికొస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. తర్వాత ప్రతి సెలవులోనూ ఆవిడ అదే అడిగింది, నేను అదే చెప్పాను. ఆవిడకి కావలసింది ఓడ ఎందుకు మునిగిందన్న సంగతి కాదు. తన కొడుకు ఆఖరి కేక ఒక్కరి చెవినైనా పడిందా అన్నదొక్కటే. అది తెలిసిన మనిషిని భూమ్మీద నేనొక్కణ్ణే. చెబితే ఆవిడ మనసు కుదుటపడుతుంది, విని కూడా ఊరుకున్నవాడినని నా ముఖం మాడిపోతుంది. నా ముఖమే నాకు ముఖ్యమైంది.

అప్పటి నుంచీ మూడు చప్పుళ్ళు నన్ను వదలలేదు. ప్లాంటు సైరను మోగితే వేళ్ళ మీద లెక్కపెట్టేవాణ్ణి. కుక్కరు మూడు కూతలు కూసి ఊరుకుంటే ఇవాళ్టికీ నాలుగోది కూసేదాకా స్టవ్ కట్టనివ్వను. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పప్పు పేస్టయిపోతోందని మా ఆవిడ సణుగుతుంది, కారణం మాత్రం ఎన్నడూ అడగలేదు, మహాతల్లి.

ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి ఓడల్లో ఉపగ్రహం తాలూకు పెట్టెలు వచ్చి, మా మీటలూ నిశ్శబ్దాలూ సెలవు పుచ్చుకున్నాయి. నేను ఒడ్డెక్కి టీవీలు బాగుచేసుకునే పనిలో పడ్డాను. ఇంచుమించు అప్పుడే బాబాయి రిటైరై, సెక్టర్ 7 క్వార్టరు ఖాళీ చేసి, ఉతైలో కట్టుకున్న రెండు గదుల ఇంటికి మకాం మార్చారు. సామాను టెంపోకి ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. ఇల్లంతా ఖాళీ అయ్యాక, గోడ మీద గడియారం ఒక్కటే మిగిలింది, దాని కింద పిన్ని. ఆ రోజు ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అడగకపోవడం నేను భరించలేకపోయాను.

నేను విన్నాను పిన్నీ అని మొదలుపెట్టి, మూడు గీతలూ, మా గుర్తూ, నవ్వుకోవడమూ, టీ తాగడమూ, అన్నీ చెప్పేశాను. అంతా విని ఆవిడ అడిగింది.

"కాయితం మీద రాసినావా?"

ఏమీ వినబడలేదని రాశానన్నాను.

"అయితే ఇప్పుడు రాయి. ఆడు పిలిసినాడని రాయి."

చెల్లెలి పాత నోటుపుస్తకంలో కాగితం చింపి, మా లాగ్ పుస్తకంలో ఉన్నట్టే నాలుగు గడులు గీశాను. ఏ వేళకి, ఎవరు పిలిచారు, ఎవరు విన్నారు, ఎవరు జవాబిచ్చారు. మొదటి గడిలో తేదీ, మధ్యాహ్నం మూడు గంటల పదిహేడు నిమిషాలు. రెండో గడిలో వాడి పేరు. మూడో గడిలో నా పేరూ సంతకమూ. నాలుగో గడి ఖాళీగా వదిలేశాను, అందులో రాయడానికి ఏమీ లేదు. పిన్నికి చదువు రాదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, గడియారం తనే దించుకుని, నా వైపు చూడకుండా టెంపో ఎక్కింది. ఉతై మా ఇంటికి స్కూటరు మీద అరగంట దూరం. ఈ ఇన్నేళ్ళలో నేను అటు ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

మొన్న బ్యాటరీ మార్చడానికి గడియారం వెనక మూత తీస్తే ఆ కాగితం బయటపడింది, మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. చెల్లెలికి ఫోన్ చేశాను. ఏటా ఆ తేదీన అమ్మ దాన్ని తనచేత చదివించుకునేదట. మొదటిసారి చదివించుకున్నప్పుడే ఆ చివరి గడి ఏమిటని అడిగిందట. జవాబిచ్చినవాళ్ళ పేరు రాసేదమ్మా, ఎవరూ ఇవ్వలేదు అని చెబితే, "ఎవులూ ఇయ్యకపోతే నానిత్తాను" అని, బాబాయి పింఛను కాగితాల కోసం ఇంట్లో ఉంచిన సిరాదిండు తెమ్మందట.

నాలుగో గడిలో ఆవిడ బొటనవేలి ముద్ర ఉంది.

ఈ రోజుల్లో ఓడ మునిగిపోతుంటే ఒక బొత్తాం నొక్కితే చాలునట, ఏ ఓడ, ఏ చోట అన్నది దానంతటదే ఒడ్డుకి చేరిపోతుందట. చాలా మంచిది. వాడికి అలాంటి బొత్తాం ఉంటే నాతో పనే ఉండేది కాదు. మేం చెవులు రిక్కించి కూర్చున్న ఆ తరంగం మీద ఇప్పుడు ఏ నిమిషానా ఎవరూ కాపలా లేరు. ప్రపంచం మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకుని, ఎవరైనా పిలుస్తున్నారేమోనని వినే ఆచారం ఒకటి ఉండేదంటే, మా వీధి పిల్లలు కథనుకుంటారు. ముల్లు ఎరుపులోకి వచ్చినప్పుడల్లా నేను మాత్రం రాయడం ఆపి ఆ వేలిముద్ర చూస్తున్నాను. ఆ రోజు మీట నా చేతి కిందే ఉంది. జవాబు ఇచ్చింది ఆవిడ.