మొగ్గ తొడగని చామంతి

జెస్సీది ఐరాల. తిరుపతిలో చదువుకుని, కట్టడాలకు లైట్ల డిజైన్ గీసే పనిలో అక్కడే స్థిరపడింది. ఏ గోడ మీద ఎంత వెలుతురు పడాలో, ఏ మూలను చీకటిగానే వదిలెయ్యాలో తేల్చడం ఆమె పని. పలమనేరు బయట ఒక పాల కంపెనీ నాలుగంతస్తుల ఆఫీసు కడితే దాని లైట్లు ఆమే గీసింది. పైనుంచి కిందికి గోడ మీద మాత్రమే వెలుతురు జారాలి, ప్రహరీ దాటి బయట పడకూడదు. అట్లా పట్టుబట్టి చేయించింది.

కార్తీకంలో ఒక ఫోనొచ్చింది.

"ఆఫీసుకు లైట్లు పెట్టింది నువ్వేనంట గదా పాపా? నీ లైట్లు మండ! ఒకసారి వచ్చి నా తోట సూసిపో!"

ఆమె వసంతమ్మ. ఆఫీసు వెనకాలే చామంతి సాగు చేస్తుంది. గేటు దగ్గర బోర్డు మీద జెస్సీ పేరు, నంబరు చూసి చేసింది.

మర్నాడు సాయంత్రం జెస్సీ వెళ్లింది. తోట అవతలి సగం పసుప్పచ్చగా విరగబూసింది. ఆఫీసు వైపు సగంలో ఏపుగా పెరిగిన ఆకు తప్ప ఒక్క మొగ్గ లేదు.

"నారు మంచిది కాదేమోనని నారు అమ్మినాయన్ని తిట్టినా. మందు కొట్టినా. ఏం జేసినా మొగ్గ రాలే. ఈ లైట్లొచ్చినంకనే ఇట్లయింది," అంది వసంతమ్మ.

అంతలో లైట్లు వెలిగాయి. ఆఫీసు మిద్దె మీద నుంచి ఫ్లడ్ లైట్లు తోట మీదికి తెల్లగా కొట్టాయి. జెస్సీ గీసిన కాగితంలో అవి లేనే లేవు. రాత్రి చీకటి పొడుగ్గా ఉంటేనే చామంతి మొగ్గేస్తుందని ఆమెకు తెలుసు. ఒళ్లు మండిపోయింది.

"ఇవి నేను పెట్టినవి కాదక్కా."

"బోర్డు మీద నీ పేరే కదా ఉండాది!"

జెస్సీ నేరుగా మేనేజరు గిరిప్రసాద్ గదికి పోయింది. వెనకాలే వసంతమ్మ.

"మీరు పెట్టింది గుడ్డిదీపం మాదిరుందన్నారు మేడం మా పెద్దాయన. తోట అవతల హైవేలో పోయేవాళ్లకు కనబడాల కదా? అందుకే ఇంకొన్ని ఏయించినాం," అన్నాడతను.

"ఆమె పంట పోయింది."

"పూలు పూయకపోతే లైట్లేం జేస్తాయి మేడం?" అని నవ్వాడు.

ఆ నవ్వుతో జెస్సీకి కోపం ఆగలేదు. "నాకు చెప్పకుండా నా పని మీద చెయ్యేసినారు. నా పేరు పెట్టి ఆమెను ముంచినారు!" అని అరిచి, కింద స్విచ్ గదిలోకి పోయి ఫ్లడ్ లైట్లు ఆపేసింది.

"పోలీసుల్ని పిలుస్తా!" అన్నాడు వెనకాలే దిగొచ్చిన గిరిప్రసాద్.

"పిలువు. వాళ్లకు ఈ తోట గూడా సూపించు. మళ్లీ ఏస్తే నేనూ అక్కా ఇద్దరం పోయి కలెక్టరాఫీసు ముందర కూసుంటాం," అంది జెస్సీ.

పోలీసులు రాలేదు. వసంతమ్మ అర్జీ పెడితే ఉద్యానశాఖ అధికారి మాత్రం వచ్చి తోట చూసి, లైట్లదే తప్పన్నాడు. కంపెనీ వాటిని దించింది. కానీ ఆ సగం పూసేసరికి కార్తీకం దాటిపోయింది, పూలు అడిగే నాథుడు లేడు. తిరుపతిలో కట్టే కొత్త ఆఫీసు పనిని కంపెనీ వేరేవాళ్లకిచ్చింది.

జెస్సీ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ కంపెనీ నుంచి ఫోనొస్తే ఎత్తదు. వసంతమ్మ చేస్తే ఎత్తుతుంది. ఆమె ఇప్పటికీ ఆ మొదటి ఫోనులో మాదిరే తిట్లతోనే మొదలుపెడుతుంది.