ఈనెపుల్లంత సందు

మా చిన్నప్పుడు ఓ రెండు నెలలపాటు ఎంత ఉతికినా నా గౌన్లు ఎర్రగానే ఉండేవి... అండమాన్ అడవుల్లో దొరికే ఎర్రటి పడౌక్ కర్ర పొట్టు అలాంటిది! ఒకసారి గుడ్డకు పట్టిందంటే ఏ సబ్బుకూ లొంగదు.

ఆ పొట్టు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాలేజీ పాత వ్యాయామశాలది. అప్పటికి నాకు పదేళ్ళు. నాన్న చిన్న కాంట్రాక్టరు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ ఊళ్ళోనే ఆస్టినాబాద్‌లో స్థిరపడ్డారు. ఆ వ్యాయామశాలలో తుప్పు పట్టిన డంబెల్సు, తెగిన తాళ్ళు, కారే రేకులు తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని బాగుచేసి, విద్యార్థులు సాయంత్రాలు ఆడుకోవడానికి, పాడుకోవడానికి హాలుగా మార్చే పని నాన్నకు వచ్చింది.

ఇక్కడ ఏడాదిలో సగానికి పైగా వానలే కదా... మైదానమంతా బురద. సాయంత్రమైతే హాస్టల్ గది, కిటికీ, అంతే. అందుకే ఆ హాలు ఎప్పుడు తెరుస్తారా అని అందరూ రోజూ తొంగిచూసి వెళ్ళేవారు. అందరికంటే ముందు లలిత దీదీ. మాయాబందర్‌లో పుట్టిన తెలుగమ్మాయి, ఆ కాలేజీలోనే చదివేది.

"అంకుల్, టేబుల్ టెన్నిస్ ఇధర్, డాన్స్ ఉధర్... క్యారమ్స్ ఆ మూలకి తోసెయ్యండి, అవి ఆడేవాళ్ళు ఎలాగూ కదలరు!" అని నాన్నకే పని పురమాయించేది.

హాలు నేలకు పరిచిన పాత పడౌక్ చెక్కలన్నీ గుంటలు పడి నల్లబడ్డాయి. మా వడ్రంగి సింహాచలం మావ ఒక చెక్క పీకి తిరగేశాడు... అడుగు పక్క కొత్త కర్రలా ఎర్రగా నిగనిగలాడింది!

"సూసినావేటే బుల్లీ, ఇన్నాళ్ళూ బోర్లా పడుకుని దాసుకున్నాదిది" అన్నాడు.

ఇంకేముంది, అన్నీ తిరగేసి చిత్రిక పట్టడమే. తీసిన ప్రతి చెక్క చివరా సుద్దముక్కతో నంబరు వేసే పని నాది. మూడు వందల పన్నెండు చెక్కలు... ఒక్క నంబరూ తప్పలేదని ఇప్పటికీ నాకు గర్వమే.

ఎండల్లో నేల పరిచారు. వెంట్రుక కూడా దూరనంత బిగుతుగా! నాన్న మురిసిపోయారు. మే చివర్లో వానలు పట్టుకున్నాయి... నాలుగో రోజుకల్లా హాలు మధ్యలో నేల పడవ బోర్లించినట్టు పైకి లేచింది.

కాలేజీ తెరవడానికి ఇంకా వారమే ఉంది. ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి ఒకటే మాట అన్నారట. వారంలో నేల చదును కాకపోతే చెక్కలన్నీ తీయించి సిమెంటు పోయిస్తానని. నాన్న ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నారు గానీ అన్నం కలపలేదు. సింహాచలం మావ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మనింటి తలుపు వానాకాలం ఉబ్బి మూసుకోదు, తాడేసి కట్టుకుంతన్నాం. ఆ తలుపుకి తెలిసింది ఇద్దరు మగోళ్ళకి తెలీలేదేటి?"

"మరేటి సెయ్యమంతావు?" అన్నారు నాన్న.

అమ్మ మూలనున్న చీపురులోంచి ఒక ఈనెపుల్ల లాగి ఆయన కంచం పక్కన పెట్టింది. "సెక్కకీ సెక్కకీ మజ్జిన ఇది పట్టినంత సందొగ్గండి. గోడ దగ్గర రెండు వేళ్ళు పట్టినంత ఒగ్గండి. ఇంకా శానా వానలున్నాయి ముందర."

అమ్మను అక్క వరసన 'అప్పా' అని పిలిచే మావ తల గోక్కున్నాడు. "ఈ ముక్క మార్చిలో సెప్పకపోనావా అప్పా?"

"మార్చిలో నన్నడిగినోడెవుడు?"

మర్నాటి నుంచి చూడాలి సందడి! చెక్కలన్నీ మళ్ళీ లేపాలి, అంచులు చిత్రిక పట్టాలి, పుల్లలు పెట్టి పరవాలి, పరిచాక పుల్లలు లాగెయ్యాలి. ఉన్నది నలుగురు పనివాళ్ళు. ఈ సంగతి ఎలా తెలిసిందో, లలిత దీదీ హాస్టల్లో ముందుగా దిగిన ఓ ఇరవై మందిని వెంటేసుకుని వచ్చేసింది. "అంకుల్, టెన్షన్ మత్ లో, మేమున్నాం కదా!"

హాస్టల్లో ఒక్క చీపురు మిగల్లేదు. "వార్డెన్ అడిగితే ఏం చెబుదాం దీదీ?" అని ఒకబ్బాయి భయపడితే, "హాల్లో ఉన్నాయని చెప్పు. ఝూట్ కాదు కదా!" అంది. నేను మధ్యలో నిలబడి నంబర్లు పిలవడం... వాళ్ళు చెక్కలు మోసుకొచ్చి అందించడం... మావ మేకులు కొట్టడం... ఆరు రోజులు అలా ఎలా గడిచాయో!

తెరిచే రోజు ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. అందరూ గుమ్మంలో గుమిగూడారు గానీ ఎవరూ కాలు పెట్టరు. లలిత దీదీ మా అమ్మ చెయ్యి పట్టుకుని, "ఆంటీ, పహలే మీరు!" అని లాగింది.

అమ్మ చెప్పులు విప్పి లోపలికి నడిచింది. సరిగ్గా మధ్యకు వెళ్ళి మడమతో గట్టిగా తొక్కి చూసింది... ఇంకోసారి... అమ్మ వెనక్కి తిరిగి, "రండి, ఏటీ అవ్వదు" అంది.

అంతే! వాన చప్పుడు వినిపించకుండా పోయింది. అంతమంది ఒక్కసారిగా గెంతుతుంటే ఆ నేల డప్పులా మోగింది. ఆ ఏడాది నేల పైకి లేవలేదు... ఆ తర్వాత కూడా ఎప్పుడూ లేవలేదు.

మొన్న అదే హాలును మళ్ళీ బాగుచేస్తున్నారని తెలిసి చూసి వచ్చాను. చెక్కలు రెండు పక్కలా అరిగిపోయాయి, ఇక తిరగేసే వీలు లేదు. వాటి బదులు ఓడలో వచ్చిన రబ్బరు పరుపును చాపలా పరిచేస్తున్నారు. ఎక్కి ఆడుకోవడానికి ఒక గోడ, పాటలకు ఒక అద్దాల గది... నాకే మళ్ళీ కాలేజీలో చేరాలనిపించింది!

గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. దాని ఇవతల పిల్లలు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. దెబ్బలు తగులుతాయని లోపలికి రానివ్వరట. మంచి నియమమే, కాదనను. కానీ ఆ రోజుల్లో తలుపు తెరవకముందే ఆ హాలు లలిత దీదీ వాళ్ళదైపోయింది... ఈ పిల్లలది తెరిచాక అవుతుందేమో.

మీరు చదువుకున్న చోట మీ చేత్తో మేకు కొట్టిన బల్లో, రంగు వేసిన గోడో ఉంటే ఇక్కడ రాయండి... నాకు చదవాలని ఉంది.