మరియమ్మకు చాడీలు

పరుపులు కుట్టే ఆమెకు సాయంత్రమంటేనే చిరాకు. పగలంతా దుకాణంలో నేల మీద కూర్చుని, మందపాటి గుడ్డలోంచి జానెడు సూది లాగిలాగి ఇంటికొచ్చేసరికి, అత్తగారు ఫ్రిజ్ మీది మరియమాత స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి సిద్ధంగా ఉండేది. జపమాల చెప్పుకుంటే ఎవరికి అభ్యంతరం? చిక్కల్లా మధ్యలో వచ్చేది. పది మంగళవార్త జపాలు కాగానే ఆవిడ ఆగి, ఆ రోజు కోడలు చేసిన తప్పులన్నీ ఆ మరియతల్లికి విన్నవించేది.

“తల్లీ, దీని జుట్టునిండా దూదే. నేను వండిన అన్నంలోనూ దూదే. మింగేదెలాగో నువ్వే చెప్పు.”

ఆవిడకు కాస్త చెవుడు. మరియమ్మకూ అంతేననుకునేదో ఏమో, గొంతెత్తి మరీ చెప్పేది. మర్నాడు కింది వాటా టీచరమ్మ మెట్ల దగ్గర ఎదురై, దూది దులుపుకునే వస్తున్నావా అని అడిగేది. వ్యాన్ నడిపే భర్తతో మొరపెట్టుకుంటే, దేవుడి ముందు చెప్పుకునేదానికి మనమేం అనగలమని తప్పుకునేవాడు.

చివరికి చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ గారికే చెప్పింది, జపం వింటుంటే ఒళ్లు మండిపోతోందని. ఆయన నవ్వాపుకుని, నువ్వూ పక్కన మోకరించమ్మా అన్నారు. ఈ మాత్రం సలహాకు ఇంతసేపు వరసలో నిలబడాలా అని గొణుక్కుంటూ ఇల్లు చేరింది. అయినా మోకరించింది. అత్తగారు ఆగగానే తనూ గొంతు పెంచింది.

“అమ్మా, ఆ దూది వల్లే ఇంట్లో పొయ్యి వెలుగుతోందని ఈవిడకు చెప్పు.”

అత్తగారు కళ్లు తెరవలేదు. “తల్లీ, ఆ పొయ్యి దగ్గర ఉడికిపోయేది నేనని దానికీ చెప్పు.”

అప్పట్నుంచి రోజూ అదే తంతు. జపం ముగిసేదాకా భర్త వ్యాన్‌లోనే కూర్చునేవాడు.

ఆ వర్షాకాలంలో అత్తగారి గొంతులో కణితి లేచింది. చిన్న ఆపరేషనే, భయం లేదన్నారు గానీ కొన్నాళ్లు పెదవి విప్పొద్దన్నాడు డాక్టరు. కోడలు లోలోపల ఊపిరి పీల్చుకుంది. ఆపరేషనై ఇంటికొచ్చిన సాయంత్రమే అత్తగారు జపమాల తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

గబగబా పది జపాలు లాగించి తర్వాతి పూస పట్టుకోబోతే, అత్తగారు మోచేత్తో పొడిచింది. నా మనవి చెప్పు అన్నట్టు స్వరూపం వైపు గడ్డం ఎగరేసింది. ఇదెక్కడి ఖర్మ, నా మీద చాడీలు నేనే చెప్పాలా అనుకుంది కోడలు.

“దూది గురించా?”

కాదని తలూపింది.

“ఆలస్యంగా వచ్చాననా? బకెట్ నింపలేదనా?”

అదీ కాదు. అత్తగారు విసుగెత్తి నుదురు కొట్టుకుంది. కోడలి చెయ్యి లాక్కుని, సూది గుచ్చుకుని వాచిన బొటనవేలు చూపించి, మళ్లీ స్వరూపం వైపు చూసింది.

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాంతోపాటే కోపమూ ముంచుకొచ్చింది.

“నోరున్నన్నాళ్లూ ఈ మాట అనడానికేం అత్తయ్యా?”

అత్తగారు మళ్లీ మోచేత్తో పొడిచింది. తన వేలు నయం చేయమని తనే తల్లిని అడుక్కుంది కోడలు.

గొంతు వచ్చిన మొదటి సాయంత్రం అత్తగారు మరియమ్మకు చెప్పిన సంగతి, కోడలు జపాల్లో సగం మాటలు మింగేస్తోందని. మోకాళ్లు పట్టేశాయని, ఈవిడ నత్తనడక జపానికి రేపట్నుంచి పీట వేసుకుంటానని కోడలు బదులిచ్చింది. అన్నట్టే మర్నాడు రెండు పీటలు వేసింది.