మహాంతి సార్‌కి తలంటు

తలంటు పోసి ఉద్యోగం సంపాదించినవాణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. ఇప్పుడు చూస్తున్నారు. అయితే ఆ తలంటు పడాల్సిన తల మీద పడలేదు, అదీ గొడవ. బరంపురంలో ఆ ఆదివారం నేను చేసిన ఘోరం పూర్తిగా వింటే, గేదెలు తోమే పని కూడా నాకు అప్పగించరు మీరు.

అప్పట్లో నేను బ్యాంకు పరీక్షలు రాయడమే వృత్తిగా పెట్టుకున్న కుర్రాణ్ణి. ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా ఇచ్చి, అందులో ‘హి’ అన్న మాట కింద గీత గీసి, ఇది ఎవర్ని గురించి అని అడుగుతారు చూడండి, ఆ ప్రశ్నకి నేనొక మహాసూత్రం కనిపెట్టాను. సర్వనామం కనబడగానే వెనక్కి నడువు, మొదట ఎదురైన మగాడే దాని యజమాని, పట్టుకో, వదలకు! ఈ సూత్రంతో నాకెన్ని మార్కులు వచ్చాయని అడక్కండి. అప్పటికీ పరీక్షలు రాస్తూనే ఉన్నానంటే మీకే తెలియాలి.

సరిగ్గా ఆ రోజుల్లో మా కోచింగ్ సెంటర్ యజమాని మహాంతి సార్ ఇంగ్లీషు మేస్టారు కోసం వెతుకుతున్నారు. కటకం వైపు మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. ధగధగలాడే నల్లని జుట్టు, గంజి పెట్టిన తెల్లచొక్కా. నేను భోజనానికి పిలిస్తే, “సరే, ఆదివారం వస్తాను, నీ ఉద్యోగం సంగతి అక్కడే తేల్చేద్దాం” అన్నారు ఒడియాలో. తేలకపోతే నాకు మా ఊరు కొడలలో మా నాన్న కిరాణా కొట్టే గతి. అక్కడ మా నాన్న నాకోసం తక్కెడ తుడిచి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తక్కెడంటే నాకు చచ్చేంత భయం.

నేను అద్దెకుంటున్న ఇంటావిడ చంద్రమ్మ పిన్ని. ఆవిడ భర్త చికిటిలో బడి గుమాస్తా, ఆదివారాలు ఇంటికొస్తారు. పిన్ని పాతకాలం ఇల్లాలు, ప్రాణం పోయినా మొగుడి పేరు పలకదు. ఆయన పేరు నాకు పోస్టుమాన్ కేకేస్తే గాని తెలియలేదంటే చూసుకోండి.

ఆ పొద్దున్న పిన్ని సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి గబగబా చెప్పింది.

“ఒరే బాబూ, నేను బజారుకెల్లి రొయ్యలట్టుకొస్తాను. మీ సారు బోజనానికొస్తారు కదా. ఆయనొస్తే పెరట్లో పీటేసి కూసోబెట్టు. నూని ఎచ్చసేసుంచాను, మాడుకి బాగా మర్దనా సెయ్యి. కుంకుడు రసం గంగాళం పక్కనుంది. తలంటయ్యాక సిలక్కొయ్య మీద పంచియ్యి.”

“తలంటా పిన్నీ?”

“ఏటా సూపు? ఆయన వద్దంటారు, ఎగ్గొట్టడానికి సూస్తారు. నువ్వినకు. బలవంతంగానైనా పోసెయ్యి!”

పిన్ని వెళ్ళిపోయింది. ఇక్కడ మామూలు మనిషైతే కాస్త ఆలోచిస్తాడు. నేను మామూలు మనిషినా, సూత్రకర్తని! ‘ఆయన’ నుంచి వెనక్కి నడిచాను. మొదట ఎదురైన మగాడు ‘మీ సారు’. పట్టుకున్నాను. అయినా మనసులో ఓ మూల పీకింది గాని, అతిథి దేవుడన్నారు కదా, దేవుడన్నాక అభిషేకం తప్పదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మహాంతి సార్ వచ్చారు. నమస్కారం పెట్టి, తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళి పీట చూపించాను.

“ఎ కణ?” అన్నారు, ఇదేమిటని.

“తలంటు, సార్. మా ఇళ్ళలో ఇదే పద్ధతి. చొక్కా విప్పండి.”

“వద్దయ్యా, నేను పొద్దున్నే స్నానం చేశాను.”

పిన్ని చెప్పినట్టే వద్దంటున్నారు! నా సూత్రం మీద నాకు గౌరవం రెట్టింపైంది. “మీరు కాదంటే మా పిన్ని నొచ్చుకుంటుంది సార్” అన్నాను. పాపం, పెద్దమనిషి. పరాయి కులాచారాన్ని కాదంటే బాగుండదనుకుని చొక్కా విప్పారు. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరవకూడదంటారు. ఆయన పీట మీద కూర్చున్నారు, రోకలి నా చేతిలో ఉంది.

మాడు మీద నూనె దరువేశాను. కుంకుడు రసం పోశాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని జగన్నాథుణ్ణి తలుచుకుంటున్నారు. చెంబెడు నీళ్ళు పోసేసరికి నల్లటి ధార! ఇంకో చెంబు పోశాను, ఇంకా నల్లగా వచ్చింది. నురుగు తగ్గేసరికి నా చేతుల్లో తెల్లజుట్టు ముసలాయన ఒకడు తేలాడు. ఉద్యోగం కూడా ఆ రంగుతోపాటు అరటిపాదులోకి పోయిందనుకున్నాను.

అదే సమయానికి దొడ్డిగుమ్మం తెరుచుకుంది. చికిటి బస్సు దిగి గుమాస్తాగారు వచ్చారు.

“ఎవుడ్రా ఆ ముసిలోడు? నా పీట మీద కూకున్నాడేటి?”

ఆ వెనకే రొయ్యల సంచీతో పిన్ని. పెరట్లో దృశ్యం చూసి గోడకి చేరబడిపోయింది.

“ఏటి సేసేవురా నాయనా!”

“నువ్వే కదా పిన్నీ, ఆయనొస్తే తలంటు పొయ్యమన్నావు.”

“ఆయనంటే ఆయన్రా! ఆదివారం పూట ఇంకెవుర్ని అంటాను? లోకంలో ఏ ఆడదాన్నైనా అడుగు, ఆయనంటే ఎవురో సెప్తాది!”

గుమాస్తాగారికి సంగతి అర్థమై మొహం వెలిగిపోయింది. “పోన్లే చంద్రీ, ఈ వారం తలంటు అయిపోయినట్టే” అంటూ నెమ్మదిగా లోపలికి జారుకున్నారు.

మహాంతి సార్ కళ్ళు నులుముకుంటూ, “ఏమంటున్నారు వాళ్ళు?” అన్నారు.

నాకు కొడల తక్కెడ కళ్ళముందు ఊగింది. “మీరొచ్చినందుకు ఆనందపడుతున్నారు సార్” అన్నాను.

ఆయన గుమాస్తాగారి పంచె కట్టుకుని రొయ్యల కూరతో పీకల్దాకా తిని, పడక్కుర్చీలో పడి సాయంత్రం దాకా గురకపెట్టారు. లేచాక తెల్లజుట్టు ఓసారి తడుముకుని నిట్టూర్చారు. “ఏళ్ళ తరబడి వేధించిన తలనొప్పి పోయిందయ్యా! రేపట్నుంచి వచ్చి పాఠం మొదలుపెట్టు.”

ఎగిరి గంతేశాను. నిజం చెప్పే ధైర్యం ఆ రోజూ లేకపోయింది, తర్వాతా లేకపోయింది. దాని ఫలితం పై ఆదివారం అనుభవించాను. మహాంతి సార్ తన ఇంట్లో నాకూ, తోటి మేస్టర్లందరికీ విందు పెట్టారు. కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళాను. పెరటి నడుమ ఒక పీట. చుట్టూ మేస్టర్లు, సార్ భార్య, అత్తగారు, మరదళ్ళు. “తెలుగువాళ్ళు నన్నంతలా గౌరవించాక, మేం తక్కువ తింటామా?” అని సార్ స్వయంగా చొక్కా చేతులు పైకి మడిచి, ఆవనూనె గిన్నె అందుకున్నారు. ఆవనూనె కంట్లో పడితే ఎలా ఉంటుందో పగవాడికి కూడా చెప్పను.

ఆ మంటలో, అంతమంది ఆడవాళ్ళ ముందు, తడి లుంగీతో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరి నోట ‘ఆయన’ అని విన్నా, ఏ ఆయనో నోరు తెరిచి అడక్కుండా, చెంబు ముట్టుకుంటే నేను మనిషినే కాదు!